ఉన్ని కుక్కిన గంట

శ్రీశైలానికి ఆ ఎండాకాలం ఒకటే బాధ, కుర్మయ్య నోరు ఎట్లా మూయించాలా అని.

శ్రీశైలం మా పాలమూరు కురుమల్లో డిగ్రీ దాకా చదివినవాడు. గొర్రెల వైద్యం మాత్రం కాలేజీలో నేర్చుకున్నది కాదు. మల్కయ్య తాత వెంట పన్నెండేళ్ళు మందలు తిరిగి నేర్చుకున్నాడు. తాతకు ఫోను లేదు, వద్దంటాడు. ఆయనకు తెలిసిన మందులూ దారులూ ఆయనతోనే పోకూడదని శ్రీశైలం ఇంటర్నెట్టులో ఒక చర్చావేదిక పెట్టాడు. పేరు మందముచ్చట. ఎండాకాలం మందలు తోలుకొని కృష్ణ ఒడ్డు దాకా పోయే కాపర్లు రెండువేల మంది అందులో చేరారు. రాయరానివాళ్ళు మాట రికార్డు చేసి పెట్టేవాళ్ళు. ఎక్కడ గడ్డి ఉంది, ఎక్కడ నీళ్ళున్నాయి, ఏ గొర్రెకు ఏమైంది, అన్నీ అందులోనే. నేనూ ఉన్నాను, చదివి ఊరుకునే రకం.

మంచిపనే, కాదనను. మొదట్లో ఎవరైనా ఏమైనా పెట్టేవాళ్ళు. పొద్దున లేస్తే పూలబొమ్మలు, ఓట్ల గొడవలు, పాత మోటారు అమ్ముతామని ఫొటోలు. విసిగిపోయి శ్రీశైలం నియమాలు పెట్టాడు. పాత సభ్యుల మాట వెంటనే కనబడుతుంది. కొత్తవాళ్ళదీ, పేచీకోర్లదీ అతను చూసి అనుమతిస్తేనే బయటికి వస్తుంది. అనుమతించే అధికారం అతనొక్కడిదే. మొదట్లో అది అవసరమే. తరవాత్తరవాత దాని రుచి మరిగాడు.

కుర్మయ్య యాభై దాటిన మొండిమనిషి. మందను ఒంటరిగా తోలుకుపోతాడు. ఎవరితోనూ పడదు. నోరు తెరిస్తే ముందు తిట్టు వస్తుంది, ఆ తరవాతే విషయం. ఒకసారి కడుపులో పురుగులకు పోసే నట్టల మందు ఎంత పోయాలో శ్రీశైలం చెబితే, అందరి ముందూ అడ్డం తగిలాడు. చూడి గొర్రెలకు అంత పోస్తే కడుపులు పోయి ఈసుకపోతాయి, లెక్క సరిగ్గా నేర్చుకో పో అన్నాడు. నిజమే, లెక్క తప్పింది. శ్రీశైలం తప్పయిందని అనలేదు. తన పాత మాటను చప్పుడు లేకుండా దిద్దేశాడు. అధికారం చేతిలో ఉంటే అదెంతసేపు పని! కుర్మయ్య ఊరుకుంటాడా? దొంగతనంగా దిద్దినవు అని మళ్ళీ ఎక్కాడు.

శ్రీశైలం మల్కయ్య తాత దొడ్డికి పోయాడు. తాత తడిక పక్కన కూచుని కదురుతో ఉన్ని వడుకుతున్నాడు. శ్రీశైలం కుర్మయ్య మీద చాడీలన్నీ చెప్పాడు. వాణ్ణి పూర్తిగా తీసేయనా, లేక ఇంకోసారి చూడనా, నువ్వెట్ల చెబితే అట్ల అన్నాడు.

తాత కదురు పక్కన పెట్టాడు. లేచి మందలోకి పోయి ముందు నడిచే పొట్టేలును పట్టుకున్నాడు. బుద్ధిగల జీవం, గీత గీస్తే దాటదు. దాని మెడలోని గంట విప్పాడు. తరవాత నల్లమేక వెంటబడ్డాడు. అది మందలో నిలవదు, తడిక దూకుతుంది, ఎవరి చేనంటే వాళ్ళ చేలో దూరుతుంది. దాన్ని పట్టి గంట దాని మెడలో కట్టాడు.

“దీనికి కావాలె ఇది,” అన్నాడు. మళ్ళీ కదురు అందుకున్నాడు.

శ్రీశైలం మొహం వెలిగింది. అర్థమైందనుకున్నాడు. కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటూ మాకూ చెప్పాడు. తోలేయొద్దు, గుర్తు పెట్టి కనిపెట్టుకుని ఉండాలి, తాత చెప్పింది అదీ అని. ఆ సాయంత్రమే కుర్మయ్యను అనుమతి కావలసినవాళ్ళ వరుసలోకి దించాడు. అందరికీ తెలిసేలా ప్రకటన కూడా పెట్టాడు. దానికి మూడువందల లైకులు వచ్చాయి. అందులో ఒకటి నాది.

ఇక్కడ మా కాపర్ల ఆచారం ఒకటి చెప్పాలి. దారిలో ఎక్కడైనా మేత చెడినా, నీళ్ళు చెడినా, మొదట చూసినవాడు పచ్చి తంగేడు కొమ్మ విరిచి దారికి అడ్డం పెట్టి పైన రాయి ఉంచుతాడు. అడ్డకొమ్మ అంటాం. దాన్ని ఎవరూ దాటరు. వెనక వచ్చినవాడికి ఆకు వాడినట్టు కనిపిస్తే కొత్త కొమ్మ విరిచి పెట్టి మంద మళ్ళిస్తాడు. పెట్టినవాడు పగవాడా, తాగుబోతా, ఇవేవీ ఎవరూ అడగరు. మా తాతల నాటి నుంచీ అంతే.

చైత్రం దాటింది. కుర్మయ్య అందరికంటే ముందుగా బొల్లోనివాగు మీదుగా పోయాడు. వాగులో బండ కింద మడుగు ఒకటి ఉంటుంది, ఆ దారిలో దానికి మించిన నీళ్ళు లేవు. పైచేలవాళ్ళెవరో పురుగుమందు డ్రమ్ములు అందులో కడిగిపోయారు. కుర్మయ్యవి రెండు గొర్రెలు తాగీ తాగకముందే పడిపోయాయి. మిగతావాటిని కొట్టి వెనక్కి మళ్ళించుకున్నాడు. దారి మీద అడ్డకొమ్మ పెట్టాడు. పెట్టి, ఫోను తీసి మందముచ్చటలో మాట రికార్డు చేశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడూ శ్రీశైలం దగ్గర అనుమతి కోసం ఆగిపోయాయి.

శ్రీశైలం మొదటిది విప్పాడట. “సారూ, నీ పెత్తనం నీ దగ్గరనే పెట్టుకో గాని,” అని మొదలైందట. అక్కడికే కట్టేశాడు. మిగతా రెండూ విప్పనే లేదు.

మర్నాడు పొద్దున అంజిలమ్మ ఆ దారికి వచ్చింది. పెనిమిటి పోయాక మందను తానే తిప్పుకుంటున్న మనిషి. అరవైనాలుగు జీవాలు. పిల్లాజెల్లా లేరు, ఆమెకు ఉన్నదల్లా అవే. అడ్డకొమ్మ చూసి ఆగింది. మందకు ముందురోజు నుంచీ నీళ్ళు లేవు, ఎండ ముదురుతోంది, వెనక్కి మళ్ళితే తొమ్మిది మైళ్ళు. అట్లాంటప్పుడు వెనకటికైతే ఏడ్చుకుంటూనైనా మళ్ళేది. ఇప్పుడు చేతిలో ఫోనుంది కదా. కొమ్మ ఫొటో తీసి పెట్టి, ఇది పాతదా కొత్తదా, పోవచ్చా అని అడిగింది.

ఆమె పాత సభ్యురాలు, మాట వెంటనే వచ్చింది. శ్రీశైలం అంతే వెంటనే జవాబిచ్చాడు. మందముచ్చటలో ఎవరూ ఏమీ చెప్పలేదు చిన్నమ్మా, ఎవరో ఉత్తగనే పెట్టి ఉంటారు, పోవచ్చు అన్నాడు. పక్కన అడ్మిన్ అన్న పచ్చగుర్తు. ఆ జవాబు నేను చూశాను, చాయ తాగుతూ.

మధ్యాహ్నానికి వాగంతా గొర్రెలు పడి ఉన్నాయి. కొన్ని నీళ్ళలోనే. ఆమె ఒక్కొక్కదాన్ని చెవి పట్టి గుంజి ఒడ్డుకు వేస్తూ ఉందట, చచ్చినవాటిని కూడా. వెనక నడిచే కుంటివీ ముసలివీ పదకొండు మిగిలాయి. అవి మడుగు దాకా చేరలేదు.

సాయంత్రం నేను మళ్ళీ చూసేసరికి శ్రీశైలం జవాబు లేదు. తీసేశాడు. అంజిలమ్మ ప్రశ్న ఒక్కటే మిగిలింది, కొమ్మ ఫొటోతో.

ఇంక చెప్పేదేముంది? అడ్డకొమ్మ దాటిన మనిషి అని అందరూ ఆమెనే అన్నారు. కులపెద్దలు తప్పు పట్టారు. వచ్చే ఏడు ఆమె మందను ఎవరూ తమ మందలతో కలుపుకోవద్దన్నారు. మీ శ్రీశైలమే పొమ్మన్నడు అని ఆమె మొత్తుకుంది. ఏదీ చూపించు అన్నారు. ఫోను తిప్పి తిప్పి వెతికింది, దొరకలేదు. గొర్రెలు పోయి మతి తప్పింది, అబద్ధాలాడుతోంది అన్నారు. నేను చూశానని చెప్పాల్సింది. చెప్పలేదు. సిగ్గు లేకుండా ఇప్పుడు చెబుతున్నాను.

శ్రీశైలం వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదని వాళ్ళింట్లోవాళ్ళు చెప్పారు. ఆగిపోయిన ఆ మూడు రికార్డులూ చివరిదాకా విన్నది అప్పుడేనట. మూడోదాంట్లో తిట్టే లేదు. ఎవరన్న వినుండ్రి, మడుగుకాడికి పోకుండ్రి అని బతిమాలడమే.

ముందు అతనికి తోచింది ఏమిటో చూడండి. కుర్మయ్యను పాత సభ్యుడిగా చేశాడు. అది చాలదనిపించి తనతో సమానంగా అనుమతులిచ్చే అధికారం కూడా ఇచ్చాడు. ఇచ్చి ఫోను చేశాడు. కుర్మయ్య అంతా విన్నాడు.

“అడ్డకొమ్మ మీద పేరు రాసి ఉంటదా సారూ?” అన్నాడు. ఫోను పెట్టేశాడు. మందముచ్చటలో ఆయన పేరు ఇప్పటికీ పెద్దపీట మీదే ఉంది, మాట మాత్రం మళ్ళీ వినబడలేదు.

అప్పుడు పోయాడు శ్రీశైలం మల్కయ్య తాత దగ్గరికి. ఏదీ దాచలేదు. దిద్దిన లెక్కా, విప్పని రికార్డులూ, తీసేసిన జవాబూ అన్నీ చెప్పాడు. చెప్పి చివర్న, ఎంత చదివినా బుద్ధి ఎక్కడికి పోతుంది, తాత మీదికే నెట్టాడు.

“నువ్వే గద తాతా, నల్లమేకకు గంట కట్టి చూపిచ్చినవు. కనిపెట్టుకొని ఉండుమన్నవు అనుకున్న.”

తాత కదురు ఆపాడు. నల్లమేకను పిలిచాడు, అది రాలేదు. లేచి పట్టుకొచ్చాడు. ఒళ్ళో ఉన్న ఉన్నిలోంచి పిడికెడు తీసి, దాని మెడలోని గంటలోకి వేలితో కుక్కాడు. గట్టిగా, సందు లేకుండా కుక్కి మేకను వదిలేశాడు. అది ఒక్క దూకున తడిక దాటి గట్టు అవతలికి పోయింది.

“ఏడున్నది?” అన్నాడు తాత.

శ్రీశైలం లేచి నిలబడి చూశాడు. “కనబడ్తలేదు.”

“ఇను.”

ఇద్దరూ విన్నారు. చాలాసేపు విన్నారు. మందలో మిగతా జీవాలు అటువైపు ఒక్కసారైనా తల ఎత్తలేదు. అప్పుడు తాత శ్రీశైలాన్ని పంపి మేకను వెతికి పట్టించాడు. దొరికేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

“తోలుకపోయి అంజిలమ్మకియ్యి. ఉన్ని ఆమె ముంగటనే తియ్యి,” అన్నాడు తాత.

అంజిలమ్మది అక్కడికి ఎనిమిది మైళ్ళు. మేకకు తాడు కట్టి నడిచాడు. దారిలో మూడు ఊళ్ళు. ఎదురుపడినవాళ్ళు, గంట కట్టిన మేక మోగదేందిరా అని అడిగారట. అతను తాడు లాగుతూ నడిచాడు.

మా వాడ చివరే అంజిలమ్మ దొడ్డి. నేనూ, మరో నలుగురూ అక్కడే ఉన్నాం. ఆమె తడికకు ఆనుకుని కూచుంది. శ్రీశైలాన్ని చూసి మొహం పక్కకు తిప్పుకుంది. పదకొండు జీవాలు మూలకు ఒదిగి ఉన్నాయి. ముందు నడిచేది లేక అవి వారం నుంచీ మేతకు కదలడమే లేదు.

శ్రీశైలం మేకను దొడ్డిలోకి తెచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద కూచున్నాడు. గంటలో వేలు పెట్టి ఉన్ని లాగాడు. తాత ఎంత గట్టిగా కుక్కాడో, పోగులు పోగులుగా వచ్చింది. లాగుతూనే చెప్పాడు, మా అందరికీ వినబడేలా.

“కుర్మయ్య చెప్పిండు చిన్నమ్మా, ముందురోజే, మూడుసార్లు. నేనే బయటికి రానియ్యలే. నిన్ను పొమ్మన్నది నేనే. ఆ మాట తీసేసింది కూడా నేనే. నీ తప్పేం లేదు.”

ఆఖరి పోగు ఊడివచ్చింది. మేక మెడ విదిలించింది, గంట మోగింది. మూలనున్న పదకొండూ తలలెత్తాయి. కుంటిది ముందుగా లేచి చప్పుడు వైపు నడిచింది, దాని వెనకే మిగతావీ వచ్చాయి.

అంజిలమ్మ వాటిని చూసింది. తరవాత శ్రీశైలం చేతిలో ఉన్న ఉన్నిని చూసింది. తిట్టలేదు, శాపనార్థం పెట్టలేదు.

“ఈ సప్పుడు ఆ పొద్దు ఏడ పెట్టినవు కొడుకా?” అంది.

శ్రీశైలం తల ఎత్తలేదు. వెనక నిలబడ్డ మేము అయిదుగురమూ కూడా.