మంచునది దగ్గర ఏమీ వదలని కుటుంబం

తెలివిలో మా ఇంటిని మించినవాళ్ళు మా మండలంలో లేరు. ఊళ్ళోవాళ్ళు ఈ మాట అనరు, అసూయ. అందుకని మేమే అనుకుంటాం. పక్కింటి సూరమ్మ తీర్థయాత్రకి వెళ్తూ చెప్పులు మర్చిపోయింది. మేం మంచుకొండలకి వెళ్తూ చెప్పుల స్టాండు కూడా పట్టుకెళ్ళాం.

మా జట్టుకి నాయకుడు అక్క మొగుడు, కొండలరావు బావ. పేరులోనే కొండలున్నాయి, ఇంకెవర్ని పెట్టుకుంటాం? వెనక నూకరత్నం అక్క, పైడిరాజు మామయ్య, నేను. దారి చూపడానికి గైడు టెన్జిన్. హైదరాబాదు హోటల్లో పనిచేసి తెలుగు నేర్చుకున్నాడు. గైడుగా అతనికి మేమే మొదటి జట్టు. మమ్మల్ని సవ్యంగా దించుకొస్తేనే ఉద్యోగమని యజమాని అన్నాడట.

"నా పెళ్ళి కూడా దానిమీదే ఆగింది అక్కా," అన్నాడు.

"మా చేతిలో పడ్డావుగా, ఇంక దిగులెందుకు," అంది అక్క.

సాయంత్రం మంచునది పక్కన గుడారం వేశాం. "ఇది గడ్డకట్టినట్టు కనిపిస్తుంది గానీ, కదులుతూనే ఉంటుంది," అన్నాడు టెన్జిన్.

ఇంకేముంది, బావ తాడు తీశాడు. "కదిలే గొడ్డుని కట్టెయ్యకుండా పక్కన ఎవడు పడుకుంటాడు?" అని మంచులో మేకు దిగ్గొట్టి తాడు కట్టాడు. గుంజ దొరక్క రెండో చివర మామయ్య నడుముకి కట్టాడు. మామయ్య కాళ్ళు తన్నిపెట్టి కూర్చున్నాడు. నది కదల్లేదు.

"చలి పెరుగుతుంది, ఉన్న బట్టలన్నీ ఒకదానిమీద ఒకటి వేసుకోండి," అన్నాడు టెన్జిన్. అంతే, అక్క అందరి బట్టలూ వేసుకుంది, బావ లుంగీలతో సహా. తర్వాత గుడారంలో పట్టలేదు. గుడారం పీకి అక్కకి తొడిగాం. టెన్జిన్ తన గుడారం మాకిచ్చి, బండ చాటున కూర్చుని తెల్లవార్చాడు. పొద్దునకి మనిషి కొయ్యబారిపోయాడు, మూతి మాత్రం ఆడుతోంది.

ఆ మూతితోనే, "సర్దండి. మనతో పైకి వచ్చింది ఏదీ ఇక్కడ వదలకూడదు. మోసుకెళ్ళాలి," అన్నాడు.

కాల్చిన అగ్గిపుల్లలు, ఉల్లి తొక్కలు కూడా ఏరాం. బావ చుట్టూ చూసి, "టెన్జినూ, నువ్వూ మాతోనే వచ్చావుగా," అన్నాడు.

"వచ్చాను బావగారూ. కాస్త ఎండ తగిలితే నడుస్తాను."

"మోసుకెళ్ళాలన్నావు. నడిపించుకెళ్ళాలని అన్లేదు."

అంతే. మామయ్య నడుము తాడు విప్పి అతన్ని బావ వీపుకి కట్టాం. "మా యజమాని చూస్తే కొంప మునుగుతుంది," అని దారంతా గొణిగాడు. "నిన్ను వదిలేసి వెళ్తే కదా మాట వచ్చేది," అని మామయ్య ఓదార్చాడు.

కింద యజమాని నిలబడి ఉన్నాడు. గుడారం తొడుక్కున్న అక్కని, వీపుమీది గైడుని చాలాసేపు చూశాడు. హిందీలో ఏదో అడిగాడు.

టెన్జిన్ బావ భుజం మీంచి తెలుగులో చెప్పాడు. "పైన ఏమైనా వదిలేశారా అంటున్నారు. ఏమీ వదల్లేదని మీరు చెబితే నా ఉద్యోగం ఖాయమట. లేదనండి బావగారూ."

బావ లేదనబోయి ఆగాడు. మా ఇంట్లో అబద్ధం ఆడరు. వెనక్కి తిరిగి చూశాడు. కొండమీంచి కిందిదాకా మంచులో మా అడుగుల గుర్తులు అలాగే పడి ఉన్నాయి.

"అవీ మనవేగా," అన్నాడు.

"వద్దు బావగారూ," అన్నాడు టెన్జిన్.

ఇంకేముంది, మామయ్య పార అడిగి తెచ్చాడు, నేను గోనెసంచి పట్టుకున్నాను. టెన్జిన్ని వీపున అలాగే ఉంచుకుని బావ ముందు నడిచాడు. ఒక్కో అడుగూ తవ్వి సంచిలో వేసుకుంటూ వెళ్తున్నాం. ఎవరో గానీ, మా వెనకాలే కొత్తవి పారేస్తూ వస్తున్నారు.

"ఏ వెధవో చేసే పనికి నీ ఉద్యోగం పోకూడదు," అని బావ ఇంకా గబగబా తవ్వాడు.