పిడికెడు మట్టి

అనగా అనగా ఒక రాజు ఉండేవాడు. ఉండేవాడంటే సింహాసనం మీద ఉండేవాడు, అంతే. పెత్తనమంతా ధూమ్రకేశుడనే మాంత్రికుడిది. వాడు కోట బురుజు మీద నల్లతెర వెనక కూర్చుంటాడు. వాడి మొహం ఎవరూ చూడలేదు. చూడాలన్న ఆశా ఎవరికీ లేదు.

ఆ రాజ్యంలో కత్తితో చంపడం మహాపాపం. అబ్బో, ఎంత ధర్మమో అనుకునేరు! తప్పు చేశాడని దండోరా పడ్డవాణ్ణి అమావాస్యనాడు గోతిలో నిలబెడతారు. ఊరంతా వరసకట్టి తలా పిడికెడు మట్టి వేస్తారు. పిడికెడేగా! పిడికెడు మట్టికి ఎవరు చస్తారు? అందుకని ఎవరూ హంతకులు కారు. ఇంటికెళ్ళి చేతులు కడుక్కుని అన్నం తింటారు.

రాజుకి ముగ్గురు కొడుకులు. కీర్తిసేనుడు, భానుసేనుడు, చిత్రసేనుడు. పెద్దవాడు కీర్తిసేనుడు ఒకనాడు నిండుసభలో లేచి, "ఈ వరసలో నేను నిలబడను" అన్నాడు. ఇంకేముంది, దండోరా పడింది. అమావాస్యనాడు మొదటి పిడికెడు కన్నతండ్రే వేశాడు. చిన్నవాడు చిత్రసేనుడికి చెయ్యి ఆడలేదు. వెనకవాడు నెట్టాడు. ముందువాడు తిరిగి చూశాడు. పిడికెడేగా అనుకుని వేసేశాడు. అన్న తమ్ముడి మొహంలోకి చూశాడు, అంతే.

రెండోవాడు భానుసేనుడు ఇంటికొచ్చి భోరుమని ఏడ్చాడు. ఆ ఏడుపు ఎవరికో వినబడిందట! మళ్ళీ దండోరా పడింది. వచ్చే అమావాస్యకి భానుసేనుడు.

చిత్రసేనుడు "ఒక అన్నని ఈ చేత్తోనే పూడ్చాను. రెండో అన్నని పూడ్చలేను" అనుకున్నాడు. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉందని చిన్నప్పుడు దాది చెప్పేది. ఆ చిలక మెడ విరిస్తే వాడు చస్తాడు, అన్న బతుకుతాడు. ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడు.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు ఎదురైంది.

"ఎక్కడికి నాయనా?"

"ధూమ్రకేశుడి చిలక దగ్గరికి, తాతా."

"ఎక్కు. పోయి ఏం చూస్తావో ఏమో!" అని నిట్టూర్చి వీపు వంచింది తాబేలు.

ఒక సముద్రం దాటారు, రెండు సముద్రాలు దాటారు, ఏడు సముద్రాలూ దాటారు. పాపం, ఏ సముద్రం మీదా అతనికి కన్ను మూతపడలేదు. మూస్తే పెద్దన్న చూపే కనబడేది.

ఏడో సముద్రం అవతల ద్వీపం. ద్వీపంలో రాతి మండపం. మండపంలో బంగారు పంజరం. పంజరంలో చిలక లేదు! గుప్పెడు ఎముకలు, వెలిసిపోయిన రెండు ఈకలు ఉన్నాయి.

"ఇది ఎప్పుడు చచ్చింది తాతా?"

"నువ్వు పుట్టకముందే నాయనా. మేత వేసే దిక్కులేక చచ్చింది."

"అప్పుడే ధూమ్రకేశుడూ చచ్చుండాలి కదా! మరి మా ఊళ్ళో దండోరా వేయిస్తున్నది ఎవరు?"

"నన్నడిగితే ఎలా? మీ ఊరినే అడుగు."

చంపుదామని ఇంత దూరం వస్తే, చంపడానికి అక్కడ ఎవరూ లేరు. చిత్రసేనుడు ఆ పంజరం ముందు కూలబడి ఏడ్చాడు.

తిరిగొచ్చేసరికి అమావాస్య వచ్చేసింది. భానుసేనుడు రొమ్ముదాకా మట్టిలో ఉన్నాడు. వరస కదులుతోంది. చిత్రసేనుడు బురుజెక్కి, జనమంతా చూస్తుండగా తెర లాగి పారేశాడు. ఖాళీ ఆసనం. దాని మీద పిడికెడు బూడిద. ఒక్క పరుగున దిగొచ్చి, గోతి దగ్గర తప్పెట కొడుతున్న పోలయ్యని పట్టుకున్నాడు.

"మా అన్న పేరు నీకెవడు చెప్పాడు?"

పోలయ్య తప్పెట కింద పెట్టేశాడు. "తెర వెనక నుంచి మాట వచ్చి ఎన్నేళ్ళయిందో బాబయ్యా! ఆయనకి కోపమొస్తుందేమోనని మంత్రిగారు చెబుతారు. మంత్రిగారికి కోపమొస్తుందేమోనని నేను తప్పెట కొడతాను."

అందరూ చూశారు. అందరూ విన్నారు. అయినా, అయ్యో రామా, వరస ఆగలేదు! ఒకడు వేశాడు. ఇంకొకడు వేశాడు. ముందువాడు ఆగలేదుగా, నేనెలా ఆగను అని ఎవరికివారే అనుకున్నారు.

చిత్రసేనుడు గోతిలోకి దూకి అన్నని వాటేసుకున్నాడు. "వెయ్యండి! నా మీద కూడా వెయ్యండి!" అని అరిచాడు.

తర్వాతి వంతు పోలయ్య కూతురు పైడిది. తండ్రి వెయ్యమని కళ్ళతోనే బతిమాలాడు. ఆ పిల్ల గట్టు మీదే పిడికిలి విప్పేసింది.

"నేను వెయ్యను నాన్నా."

జనం ఆకాశం వంక చూశారు. పిడుగు పడలేదు. భూమి బద్దలవలేదు. వెనకవాడు పైడిని చూసి తనూ గట్టునే పోశాడు. వాణ్ణి చూసి ఇంకొకడు పోశాడు.

భానుసేనుడు బతికాడు. కానీ ఎవరికీ పండగ చేసుకోబుద్ధి కాలేదు. ఎవరి అరచెయ్యి వాళ్ళు చూసుకుంటూ ఇళ్ళకి పోయారు. ముసలిరాజు పెద్దకొడుకు దిబ్బ దగ్గర కూలబడి మరి లేవలేదు. "ఈ మొహాల మధ్య నేను ఉండలేను తమ్ముడూ" అని భానుసేనుడు తాబేలు వీపెక్కి వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది చిన్నవాడే. పట్టాభిషేకం నాడు వాన పడింది. చిత్రసేనుడు ఆలోచించకుండానే "కూర్చోండి" అన్నాడు. ఊరు ఊరంతా బురదలో చతికిలబడింది. పైడి ఒక్కతే నిలబడింది.

"బురదగా ఉంది దొరా. నేను కూర్చోను."

చిత్రసేనుడికి చుర్రున కోపం వచ్చింది. వెంటనే ఆ కోపాన్ని చూసుకుని అతనికే భయం వేసింది.

"నన్ను పెళ్ళాడతావా పైడీ? నేను కాని మాట అన్నప్పుడల్లా కాదని చెప్పాలి."

"చెబుతాను. రోజూ చెబుతాను. విసుక్కోకూడదు మరి!"

పెళ్ళి ఘనంగా జరిగింది. వాళ్ళు చాలాకాలం ఏలారు, చల్లగానే ఏలారు. కానీ అమావాస్య వస్తే చాలు, చిత్రసేనుడు పెద్దన్న దిబ్బ దగ్గరికి ఒక్కడే వెళ్ళేవాడు. పిడికెడు మట్టి తీసి పక్కన పోసి వచ్చేవాడు. జుట్టు నెరిసినా, నడుం వంగినా మానలేదు. ఆ దిబ్బ మాత్రం తరగలేదు. పిడికెడేగా!