కొండ మీద ఆగిన నీళ్ళు

పిల్లలూ, ఆకలేస్తే అమ్మను అన్నం అడుగుతాం. మరి అన్నం కోసం అమ్మే ఊరు విడిచి వెళ్ళాల్సి వస్తే? అప్పుడు ఎవరిని అడుగుతాం? ఏం శశాంకా, పక్కింటి అత్తనా? సరే, కూర్చో. కథ విన్నాక మళ్ళీ అడుగుతాను.

తుమ్మలకోన అని ఒక అడవి. పెద్ద అడవేమీ కాదు. ఒక మొండి కొండ, దాని చుట్టూ తుమ్మ చెట్లు. అక్కడ కుందేళ్ళు, ముంగిసలు, ఒక ముసలి తాబేలు, కొండ కింద గుంటలో ఒక అడవిపంది ఉండేవి. వానాకాలంలో గడ్డి ఉండేది. కార్తీకం దాటితే ఎండిపోయేది.

గడ్డి ఎండగానే పెద్ద కుందేళ్ళన్నీ ఏరు దాటి అవతలి అడవికి వలస పోయేవి. అక్కడ ఎనుబోతుల మంద ఉండేది. పొద్దస్తమానం వాటికి ఈగలు తోలితే, సాయంత్రానికి ఇంత గడ్డి దొరికేది. పిల్లలను తీసుకుపోతే ఎనుబోతుల కాళ్ళ కింద పడతాయని భయం. అందుకని కూనలను తాబేలు అవ్వ దగ్గర వదిలి వెళ్ళేవి. మళ్ళీ తొలకరికే రావడం.

నూకాలు అనే కుందేలుకు ఒక్కతే కూతురు. నుదుటి మీద తెల్ల మచ్చ ఉండేది కనుక దాన్ని చుక్కి అనేవారు. అమ్మ వెళ్ళిన రోజు చుక్కి ఏడ్చేది కాదు. తాబేలు అవ్వ పెట్టింది తినేది, పడుకోమంటే పడుకునేది. నిద్రలో మాత్రం పక్కన తడుముకునేది.

ఒక ఏడు వానలు మొదలయ్యే వేళకు దూరపు అడవి నుంచి ఒక ముళ్ళపంది వచ్చింది. పేద అడవుల్లో జంతువులను కూడగట్టి సంఘం పెట్టించడం దాని పని.

అడవిపంది దాన్ని చూసి నవ్వింది. "ఒంటి నిండా సూదులు పెట్టుకుని వచ్చావు. మాకు బట్టలు కుడతావా ఏం?"

"కుట్టడానికి రాలేదు మామా, అడగడానికి వచ్చాను. మీకు ఏం కావాలి?" అంది ముళ్ళపంది.

"గడ్డి తెచ్చిపెట్టు," అన్నారు ముంగిసలతో సహా అందరూ. ముంగిసలు గడ్డి తినవు కదా అంటారా? ఊరికే వచ్చేదైతే అందరూ అడుగుతారమ్మా.

"తెచ్చిన గడ్డి రేపటికి అయిపోతుంది," అంది ముళ్ళపంది.

అప్పుడు చుక్కి ముందుకు వచ్చింది. "నాకు మా అమ్మ ఇక్కడే ఉండాలి. అది నీ దగ్గర ఉందా అత్తా?"

"నా దగ్గర లేదమ్మా," అంది ముళ్ళపంది.

మర్నాడు పెద్ద వాన. అందరూ బొరియల్లో దూరారు. ముళ్ళపంది మాత్రం తడుస్తూ కొండెక్కి, నీళ్ళ వెంట కిందికి నడిచింది. చుక్కి దాని వెనకాలే వెళ్ళింది.

పలకను వంచి పట్టుకుని నీళ్ళు పోస్తే ఏమవుతుంది? జారిపోతాయి. ఆ కొండా అంతే. పడిన వాన ఎక్కడా నిలవకుండా, ఎర్రమట్టిని ఈడ్చుకుంటూ, అడవిపంది గుంట మీదుగా ఏట్లోకి పోతోంది.

"చూశావా చుక్కీ? మీ అమ్మ వెళ్ళే దారినే నీళ్ళూ వెళ్తున్నాయి. ముందు నీళ్ళను ఆపుదాం. తర్వాత అమ్మను ఆపుదాం," అంది ముళ్ళపంది.

వానలు తగ్గాక ముళ్ళపంది పెట్టించిన సంఘం కూర్చుంది. వాలుకు అడ్డంగా కందకాలు తవ్వాలి, అదీ కొండ నెత్తి నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి అని నిర్ణయించారు. పైన నీళ్ళు నెమ్మదిస్తేనే కింద నిలుస్తాయి. తూర్పు వైపు కుందేళ్ళూ ముంగిసలూ తవ్వాలి. పడమటి వాలు అడవిపంది వంతు. దాని గుంట ఆ వైపే ఉంది, దాని ముట్టె బలం ఎవరికీ లేదు.

"కొండ నెత్తిన తవ్వడానికి నాకేం పిచ్చా? నీళ్ళు ఎలాగూ కిందికే వస్తాయి. నా గుంటనే చెరువంత చేసుకుంటాను," అంది అడవిపంది. అన్నట్టే పెద్ద గుంట తవ్వుకుంది.

ఆ ఏటి వానలు అప్పటికే పోయాయి కదా. కార్తీకం దాటింది. గడ్డి ఎండింది. నూకాలు బయలుదేరాల్సిన పొద్దు కూడా కొండ మీద తవ్వుతూనే ఉంది.

"ఎవరి కోసమే ఆ తవ్వడం? నువ్వు ఉండవుగా!" అంది అడవిపంది.

"వచ్చే ఏడు ఉండటానికి మామా," అంది నూకాలు. గోళ్ళ మట్టి దులుపుకుని, కూతురి తల నిమిరి, వెళ్ళిపోయింది.

ఆ వేసవి చుక్కికి చాలా పొడుగ్గా అనిపించింది. కందకం గట్టు లోపల అమ్మ గోళ్ళ గీతలు ఉండేవి. వాటిని ఎవరూ తొక్కకుండా రోజూ అక్కడే కూర్చునేది. గాలి ఏటి వైపు నుంచి వీస్తే ముక్కు ఎగబీల్చేది. ఎనుబోతుల వాసన తప్ప మరేమీ వచ్చేది కాదు.

తొలకరి పడింది. కందకం నిండింది. గీతలు నీళ్ళలో మునిగి చెరిగిపోయాయి. చుక్కి అప్పుడు ఏడ్చింది, వెక్కి వెక్కి.

తాబేలు అవ్వ మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది. "ఏడవకే తల్లీ. ఈ నీళ్ళ కోసమే కదా మీ అమ్మ అవి గీసింది!"

అమ్మ వచ్చింది. చిక్కిపోయి, ఒక కాలు కుంటుకుంటూ వచ్చింది. ఆ ఏడు వానలన్నీ తూర్పు కందకాల్లో ఇంకాయి. పడమటి వాలు మీద మాత్రం ఆపేవాళ్ళు లేరు. మట్టంతా కొట్టుకొచ్చి అడవిపంది గుంటను అంచుల దాకా పూడ్చేసింది.

కార్తీకం దాటింది. తూర్పు వైపు గట్ల వెంట గడ్డి పచ్చగానే ఉంది. ఈసారి ఏరు దాటడానికి బయలుదేరింది అడవిపంది ఒక్కటే.

"ఈగలు తోలడం ఎలాగో కాస్త చెప్పు," అని నూకాలును అడిగింది, తల వంచుకుని.

నూకాలు నవ్వలేదు. "చెవులు దగ్గర పెట్టుకో మామా, కొమ్ములు తగులుతాయి. త్వరగా వచ్చెయ్యి. నీ వైపు కలిసి తవ్వుదాం," అంది.

ఆ రోజంతా చుక్కి అమ్మ వెనకాలే తిరిగింది. నీళ్ళకు వెళ్తే నీళ్ళకు, తుమ్మ చెట్టు కిందికి వెళ్తే అక్కడికి.

"ఏమే, అడుగు వెయ్యనివ్వవా నన్ను?" అని విసుక్కుంది నూకాలు.

"ఎక్కడికి వెళ్తున్నావు?"

"గడ్డి కొరుక్కోవడానికే, పిచ్చిదానా. అదిగో, అక్కడికి."

అదిగో అన్న చోటు నాలుగు గెంతుల దూరంలో ఉంది. అయినా చుక్కి వెంట వెళ్ళింది.

నీతి: పైనున్న వాలును అందరూ కలిసి కాపాడితేనే కింది గుంటలో నీళ్ళు నిలుస్తాయి, తన గుంట ఒక్కటే చూసుకున్నవాడికి చివరకు మట్టి మిగులుతుంది.

ఏం శశాంకా, ఎవరిని అడుగుతామో ఇప్పుడు ఆలోచించి రేపు చెప్పు. ఇక లేవండి. మేడ మీద వడియాలు సగమే తిరగేసి వచ్చాను, మబ్బు పడుతోంది. నేను వెళ్ళి ఆ మిగిలినవి చూసుకోవాలి.