ఎలుకల గది వాసన

వకుళకు మతిపోయింది.

సెమినార్‌లో అందరి ముందూ ఢంకా బజాయించి మరీ చెప్పింది: "ఈ ఎలుకల్లో ఒక జన్యువు తీసేశాం. అందుకని మెదడులో విడుదలైన సెరొటోనిన్ అనే రసాయనాన్ని కణాలు వెనక్కి తీసుకోలేవు. అది బయటే పోగుపడుతుంది. ఇక దాన్ని అందుకుని ఒళ్లు చల్లబరిచే గ్రాహకాలను తట్టిలేపే మందిస్తే, వీటి ఒళ్లు మామూలు ఎలుకల కంటే ఎక్కువ చల్లబడాలి."

మందిచ్చింది. మామూలు ఎలుకలు బుద్ధిగా చల్లబడ్డాయి. ఈ అమ్మాయిగారు ప్రాణంగా పెంచిన ఎలుకలేమో, మాకేం పట్టిందన్నట్టు వెచ్చగానే ఉన్నాయి! మళ్లీ చేసింది. అదే తంతు. చూస్తే కమిటీ ముందు నిలబడే రోజు దగ్గరపడింది. తేడా వస్తే పీహెచ్‌డీ గంగలో కలిసినట్టే.

పొద్దుటినుంచీ ఎలుకల గదిలోనే కూర్చుని ఉంది. గైడు మొయినుద్దీన్ సారు గుమ్మంలోకి రాగానే ఏడుపొక్కటే తక్కువ.

"వీటి గ్రాహకాలు పాడైపోయాయి సార్. ఈ ఎలుకలు పనికిరావు. అన్నీ పారేసి మళ్లీ మొదలుపెడతా. కమిటీ తేదీ వాయిదా వేయించండి."

సారు ముక్కు మూసుకున్నారు. "ఇదేం వాసనమ్మా!"

"వాసనా? ఏం లేదే!"

"లేదూ?"

"లేదు సార్. మీరు మరీనూ."

సారు వాదించలేదు. "పద, చాయ్ తాగొద్దాం."

ఆమెకు ఒళ్లు మండింది. ఇల్లు కాలి ఒకరేడుస్తుంటే ఈయనకి చాయట! అయినా గురువుగారి మాట, కాదంటే బాగుండదు. వెనకే నడిచింది.

క్యాంటీన్ బయట, గాలికి కూర్చున్నారు. సారు మనవరాలికి ఊడిన పన్ను గురించి చెప్పారు. ఉస్మానియా బిస్కెట్లు చాయ్‌లో ముంచుకుని తీరిగ్గా తిన్నారు. ఎలుకల ఊసే ఎత్తలేదు.

తిరిగొచ్చి వకుళ గది తలుపు తీసింది.

"అబ్బా!" చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఇందాక లేదన్నావుగా. ఎప్పుడొచ్చింది?"

"ఇందాకా ఉంది సార్. పొద్దుటినుంచీ ఇందులోనే ఉన్నాను కదా, నా ముక్కే అలవాటుపడిపోయి..."

మాట మధ్యలో ఆగిపోయింది. బోనుల వైపు చూసింది. ఆ ఎలుకలు పుట్టినప్పటినుంచీ సెరొటోనిన్‌లోనే ఉన్నాయి.

సారు నెమ్మదిగా అడిగారు.

"అయితే ఆ ముక్కునెప్పుడు పారేస్తున్నావమ్మా?"

వకుళ చున్నీ కిందికి దించింది.

"కమిటీ తేదీ మార్చొద్దు సార్," అంది.