అమ్మ వీపు మీది ముడి

అనగనగా తామ్రపురి అనే రాజ్యం, ఆ రాజ్యానికి హరివర్ధనుడనే రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఇంద్రదత్తుడు, నడిమివాడు సోమదత్తుడు, చిన్నవాడు వసుదత్తుడు. రాణి పేరు పొన్నమదేవి. ఆమె ఆ ఇంట్లో లేక పదమూడేళ్లయింది.

ఎందుకు లేదో చెబుతాను వినండి. వసుదత్తుడికి ఏడేళ్లప్పుడు జ్వరం వచ్చింది. ఇరవై ఒక్క రోజులైనా తగ్గలేదు. రాణి ఉత్తరాన ఉన్న మంచుకొండ అమ్మవారికి మొక్కుకుంది. "బిడ్డ లేచి కూర్చుంటే వసంతంలో నీ కొండకు కాలినడకన వస్తాను తల్లీ" అంది. మర్నాడే పిల్లవాడు లేచి కూర్చుని పెరుగన్నం అడిగాడు.

తామ్రపురి యాత్రికులకు ఒక ఆచారం ఉండేది. పసుపూ బియ్యమూ కొబ్బరికాయా మూటగట్టి వీపున వేసుకుని, కొసలు రొమ్ము చుట్టూ తిప్పి వెనక పీటముడి వేయించుకునేవాళ్లు. ఆ ముడి ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లు వెయ్యాలి. అమ్మవారి గడప తొక్కేదాకా దాన్ని విప్పకూడదు. ఇల్లు దాటాక వెనక్కి తిరిగి చూడకూడదు.

"గట్టిగా వెయ్యి చిన్నా" అంది రాణి.

"వేశానమ్మా."

"ఇంకా."

పిల్లవాడు ఆమె నడుముకు కాలు తన్నిపెట్టి రెండు చేతులా లాగాడు. "నా నడుము విరిచేట్టున్నావురా!" అని రాణి నవ్వింది. వాడి అరచేతిలో ఒక పచ్చరంగు కొయ్య చిలుకను పెట్టింది. వాడు ఆడుకుంటూ దాని ముక్కు విరగ్గొడితే, నల్లలక్కతో ఆమే అతికించింది. "దీన్ని చూసుకుంటూ ఉండు. మామిడి పిందెలు కాయలయ్యేలోగా వచ్చేస్తాను" అని చెప్పి బయల్దేరింది. ఆచారం ప్రకారం వెనక్కి తిరిగి చూడలేదు.

పిందెలు కాయలయ్యాయి. కాయలు పండ్లయ్యాయి. మళ్లీ పూత వచ్చింది. ఆమె రాలేదు.

వసుదత్తుడు పెరిగిన కొద్దీ తల్లి ముఖం అతనికి మసకబారుతూ వచ్చింది. చెంపలు ఎలా ఉండేవో, నవ్వితే కళ్లు ఎలా అయ్యేవో గుర్తులేదు. వీపు మీది ముడి మాత్రం కళ్లకు కట్టినట్టుండేది. ఒక కొస పొడుగు, ఒక కొస పొట్టి.

రాణి వెళ్లిన పదో ఏట ఇంద్రదత్తుడు అమ్మను వెతకడానికి వెళ్లాడు, తిరిగి రాలేదు. పన్నెండో ఏట సోమదత్తుడు వెళ్లాడు, అతనూ తిరిగి రాలేదు. పదమూడో వసంతం వచ్చింది. వసుదత్తుడు తండ్రి ముందు నిలబడ్డాడు.

"నువ్వు కూడానా?" అన్నాడు రాజు. "నాకు మిగిలింది నువ్వొక్కడివే నాయనా."

"నాన్నగారూ, అమ్మకూ అన్నలిద్దరికీ ఆ మూడు ముళ్లూ వేసింది నేనే. నేనే వెళ్లాలి."

రాజు ఆపలేకపోయాడు. ఇంట్లో చిన్నవాడు తనే కాబట్టి వసుదత్తుడు తన ముడి తనే రొమ్ము మీద వేసుకున్నాడు. మూటలో కొయ్య చిలుకను కూడా పెట్టుకున్నాడు.

నలభై రోజులు నడిచాడు. మోదుగులు పూసిన అడవులు దాటాడు, వెదురు పొదలు దాటాడు. చివరికి తెల్లటి కొండ కనిపించింది. దానికీ అతనికీ మధ్య మూడు ఏరులు అడ్డం. మొదటిది పిల్లేరు, రెండోది నడిమేరు, మూడోది తల్లేరు. తామ్రపురిలో ఎండాకాలం వస్తే ఏరులన్నీ ఇసుకే. ఇక్కడ ఎండాకాలంలోనే పొంగుతున్నాయి.

పిల్లేటి ఒడ్డున ఒక గొర్రెల మంద ఉంది. మందను కాసే అమ్మాయి పేరు సిరియాల. ఆమె నీళ్లలో పెట్టిన చేపల బుట్టలో ఒక నీటికుక్క ఇరుక్కుని కీచుకీచుమంటోంది. వసుదత్తుడు బుట్ట మూత తీశాడు.

"ఏయ్! అది నా బుట్ట!" అని అరిచింది సిరియాల. "నా చేపలన్నీ మింగింది ఆ దొంగదే."

"మింగినవి ఎలాగూ తిరిగి రావు. పోనివ్వు."

"నీ సొమ్మేం పోయింది, ఎన్నయినా చెబుతావు. ఏ ఊరు నీది?"

"తామ్రపురి."

"అనుకున్నా. మీ ఊరివాళ్లు గుడి మెట్లు దిగినట్టు ఏట్లో దిగుతారు. నీలాంటి మొహాలే ఇద్దరొచ్చారు ఇంతకుముందు. ఊతకర్ర ఇస్తానంటే, రాకుమారులకు కర్రెందుకన్నారు."

"నాకు కావాలి. ఇస్తావా?"

సిరియాల అతన్ని ఎగాదిగా చూసి, తన చేతిలోని కర్ర ఇచ్చింది. "ఇది మా తాత చెక్కింది. ఊరికే ఇస్తున్నాననుకోకు. తిరిగి తెచ్చివ్వాలి."

"తెస్తాను."

"చూద్దాం" అని ఆమె గొర్రెలను అదిలించుకుంటూ వెళ్లిపోయింది.

అప్పుడు నీళ్లలోంచి నీటికుక్క తల పైకెత్తింది. "రాకుమారా, నన్ను విడిపించావు. ఏరులు దాటడం నేర్పుతాను. ముందు ఒక మాట చెప్పు. ఎవరికోసం పోతున్నావు?"

"అమ్మవారి దర్శనానికి" అన్నాడు వసుదత్తుడు.

నీటికుక్క మీసాలు దులుపుకుంది. "సరే. మీ పెద్దన్న ఇదిగో, ఇక్కడే దూకాడు. సన్నగా ఉంది గదా, ఒక్క గంతు చాలనుకున్నాడు. సన్నగా ఉన్నచోట ఏరు లోతు, విసురు ఎక్కువ. వెడల్పుగా పరుచుకున్నచోట మోకాటి లోతే. అక్కడ దిగు. నీళ్లు వచ్చే వైపు ముఖం పెట్టు. నీకు రెండు కాళ్లు, ఒక కర్ర. మూడింటిలో రెండు ఎప్పుడూ నేలమీదే ఉండాలి."

వసుదత్తుడు అలాగే పిల్లేరు దాటాడు.

నడిమేరు చేరేసరికి మధ్యాహ్నం తిరిగింది. ఏరు బురదరంగులో హోరుమంటోంది. "ఎవరికోసం పోతున్నావు?" అని మళ్లీ అడిగింది నీటికుక్క.

"అన్నల కోసం."

"అయితే కూర్చో. మీ నడిమన్న తొందరపడి ఈ వేళకే దిగాడు. పగటి ఎండకు కరిగిన మంచంతా సాయంత్రానికి ఇక్కడికి చేరుతుంది. రాత్రి చలికి పైన గడ్డకడుతుంది. తెల్లారేసరికి ఏరు చిక్కిపోతుంది. అప్పుడు దాటు."

ఎదుటి గట్టు చేతికందేంత దూరంలో ఉంది. కూర్చోవడం ఎంత కష్టమో ఆ పూట వసుదత్తుడికి తెలిసింది. తెల్లారింది. ఏరు చిక్కింది. దాటాడు.

మూడోది తల్లేరు. మర్నాడు తెల్లవారుజామునే వచ్చారు, వెడల్పయిన చోటే చూసుకున్నారు. అయినా నీళ్లు తొడల దాకా ఉన్నాయి, మంచుకన్నా చల్లగా ఉన్నాయి. "ఎవరికోసం పోతున్నావు?" అని మూడోసారి అడిగింది నీటికుక్క.

వసుదత్తుడు రొమ్ము మీది ముడి తడుముకున్నాడు. "మా అమ్మ కోసం" అన్నాడు చివరికి. "ముఖం కూడా గుర్తు రావడం లేదు. ముడి ఒక్కటే గుర్తుంది."

"అయితే నీ ముడి విప్పు. జారుముడి వేసుకో. పడితే ఒక్క లాగుకు మూట ఊడిపోవాలి."

"అమ్మవారి గడప తొక్కేదాకా విప్పకూడదు!"

"మీ ఊరివాళ్లంతా అలాగే అన్నారు. నీళ్లు తాగిన మూట బండరాయంత బరువు. పడ్డవాడు లేవడు."

వసుదత్తుడి ముఖం పాలిపోయింది. "అంటే వాళ్లను ముంచింది నేను వేసిన ముళ్లా?"

"ముంచింది ఏరు" అంది నీటికుక్క. "ముడి లేవనివ్వలేదు."

అతను రొమ్ము మీది ముడి పట్టుకుని లాగాడు. బిగిసింది. ఇంకా లాగాడు, ఇంకా బిగిసింది. విసిగి వదిలేశాక, కొసను వెనక్కి లోపలికి తోసి చూశాడు. వదులైంది. జారుముడి వేసుకుని ఏట్లో దిగాడు.

నడిమధ్యలో కాలికింది రాయి దొర్లింది. పడ్డాడు. మూట నీళ్లు పీల్చుకుని అతన్ని కిందికి ఈడ్చింది. అందులో అమ్మ చేత్తో ఇచ్చిన చిలుక ఉంది. పదమూడేళ్లుగా దాన్ని చూసుకోని రోజు లేదు. తల పైకి తేలి ఊపిరి ఒకటి, రెండు అందాయి. మూడో ఊపిరి లేదనగా కొస లాగేశాడు. మూట ఊడి కొట్టుకుపోయింది. కర్ర ఊనుకుని లేచి నిలబడి, ఏడుస్తూ గట్టెక్కాడు.

"ఇక్కడ కూర్చుని ఏడవకు" అంది నీటికుక్క. "మూట వెంట పరిగెత్తు. కింద మూడు ఏరులూ కలిసేచోట జలకంటకుడనే మాంత్రికుడి గుహ ఉంది. ముడితో కొట్టుకొచ్చిన వాళ్లందరూ వాడికి బానిసలు. వీపున ముడి ఉన్నంతకాలం వాళ్లకు తమ పేరే గుర్తుండదు. నీకిప్పుడు ముడి లేదు, వాడు నిన్నేమీ చెయ్యలేడు. వాడి ప్రాణం పంజరంలోని చిలుకలో ఉంది. ఆ చిలుక తల్లేరు దాటిందా, వాడు లేడు."

వసుదత్తుడు పరిగెత్తాడు. గుహ ముందు నీళ్లలో ఎందరో నిలబడి, కొట్టుకొచ్చే మూటలను కొంకికర్రలతో లాగుతున్నారు. అందరి వీపుల మీదా మూటలు. ఒక తల నెరిసిన మనిషి అతని మూట విప్పి, కొయ్య చిలుకను అటూ ఇటూ తిప్పి చూస్తోంది. ముఖం అతనికి తెలియలేదు. చుట్టూ తిరిగి ఆమె వెనక్కి వెళ్లాడు.

ఒక కొస పొడుగు, ఒక కొస పొట్టి.

"అమ్మా" అన్నాడు.

"ఎవరు బాబూ నువ్వు? ఈ చిలుక నీదా?" అందామె. "ముక్కు ఎవరో బాగా అతికారు."

అతను మోకాళ్ల మీద కూర్చుని ముడి పట్టుకున్నాడు. పదమూడేళ్లు నానిన ముడి. ఈసారి లాగలేదు. గోళ్లతో, పళ్లతో, కొసను కొంచెం కొంచెంగా లోపలికి తోశాడు. తోస్తూనే ఉన్నాడు. చివరికి ముడి వదులై మూట దభీమని కింద పడింది. ఆమె నిండుగా ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగింది. అతన్ని చూసింది. అతనూ చూశాడు. నవ్వితే ఆమె కళ్లు సన్నబడతాయి.

"పెరుగన్నం తిన్నావా చిన్నా?" అంది.

అంతలో గుహలోంచి జలకంటకుడు అరిచాడు. "చిలుక ఉందా?" గంటకొకసారి వాడలా అడగాల్సిందే.

నీటికుక్క చెప్పిన మాట వసుదత్తుడు తల్లి చెవిలో వేశాడు. పొన్నమదేవి చప్పుడు చెయ్యకుండా గుహ వాకిట వేలాడుతున్న పంజరం తెరిచింది. ప్రాణమున్న చిలుకను కొడుక్కిచ్చి, కొయ్య చిలుకను వీపు బయటికి పెట్టి పంజరంలోని పుల్ల మీద కూర్చోబెట్టింది. "ఉంది!" అని కేకేసింది.

వాడు తల బయటికి పెట్టి చూశాడు. పచ్చటి వీపు కనిపించింది. తృప్తిగా మళ్లీ పడుకున్నాడు. ఇటు వసుదత్తుడు చేతులు విప్పాడు. చిలుక రివ్వున లేచి తల్లేరు దాటింది. గుహలోకి వెళ్లి చూస్తే పడకమీద తడి ఇసుక కుప్ప ఉంది, అంతే.

అన్నల ముళ్లు విప్పాడు, మిగిలినవాళ్లందరి ముళ్లూ విప్పాడు. "ఏరా, ఇంత పొడుగెప్పుడయ్యావు?" అన్నాడు ఇంద్రదత్తుడు. సోమదత్తుడు తమ్ముణ్ని వాటేసుకున్నాడు. అందరూ జారుముళ్లు వేసుకుని కొండెక్కారు. పొన్నమదేవి మొక్కు తీర్చుకుంది. అమ్మవారు ముడి సంగతి ఏమీ అడగలేదు.

తిరుగుదారిలో పిల్లేటి ఒడ్డున సిరియాల కనిపించింది. వసుదత్తుడు కర్ర చేతికిచ్చాడు.

"కొస అరగ్గొట్టావు" అంది.

"మూడు ఏరులు దాటింది మరి. రోజూ ఇక్కడే ఉన్నావా?"

"గొర్రెల కోసం" అంది సిరియాల. చుట్టుపక్కల ఒక్క గొర్రె కూడా లేదు.

పొన్నమదేవి నవ్వింది. "అమ్మాయీ, నువ్వూ నీ కర్రా మా ఇంటికి వస్తారా?"

తామ్రపురిలో మామిడిపండ్ల కాలంలో వాళ్ల పెళ్లి జరిగింది. అన్నలిద్దరూ సింహాసనం తమ్ముడిదేనన్నారు. వసుదత్తుడూ సిరియాలా అరవై ఏళ్లు చల్లగా ఏలారు.

ఆ అరవై వసంతాలూ రాజు ఊరి వాకిట నిలబడి, ఒక్కొక్క యాత్రికుడి ముడి తనే లాగి చూసేవాడు. ఒక్క లాగుకు ఊడితేనే పంపేవాడు. ఆచారంలో ఇంకొకటి కూడా మార్చాడు. ఊరి వాకిలి దాటేటప్పుడు ప్రతి యాత్రికుడూ వెనక్కి తిరిగి, సాగనంపడానికి వచ్చిన పిల్లలకు తన ముఖం ఒకసారి నిండుగా చూపించాలి. వాళ్లు చాలు అనేదాకా అక్కడే నిలబడాలి.