ముక్కలు కలపండి

మా ఇంటిల్లిపాదికీ తెలివెక్కువ. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనరు కాబట్టి మేమే చెప్పుకోవాల్సి వస్తోంది.

మా నాన్న నరసింగానికి ఒకటే కోరిక. చిన్నప్పుడు మా నాయనమ్మ ఒక బొమ్మల కథ పుస్తకం చదివి వినిపించేది. ముగింపు వచ్చేలోపే ఈయన నిద్రపోయేవాడు. ఆ ముగింపు ఏమిటో నేటికీ తెలియదు. పుస్తకమేమో నాన్న అక్క, మా వర్ధనమ్మ అత్తయ్య బీరువాలో ఉంది. "మీ చేతికిస్తే దాని గతేమవుతుందో!" అని ఇవ్వదు.

ఈసారి మా ఇంటికొస్తూ అత్తయ్య పట్నం కొట్లో అట్టముక్కల ఆట ఒకటి కొనుక్కొచ్చింది. ఆ కథలోని ముక్కుపుడక నక్క, గొడుగు కుందేలు బొమ్మే, వంద ముక్కలుగా కోసి ఉంది. పుస్తకం కూడా సంచిలో పెట్టుకొచ్చింది. "ఒరేయ్, సాయంత్రానికి ఈ బొమ్మ కుదిరిస్తే పుస్తకం నీదే" అని పేరంటానికి వెళ్ళింది.

పెట్టె మీద మొదటి సూచన: ముక్కలు కలపండి. ఇంకేముంది, అమ్మ వాటిని గంగాళంలో పోసి గరిటెతో కలిపింది. "పొడిగా ఉన్నాయండీ, కలవడం లేదు" అంటే నాన్న చెంబెడు నీళ్ళు పోశాడు. అబ్బ, ఎంత బాగా కలిశాయో!

రెండోది: అంచులతో మొదలుపెట్టండి. అంచులంటే మాకు తెలియదా? అమ్మ గద్వాల చీర తీసి రెండంచులూ నేనే కత్తిరించాను. "పెద్దంచు చీర, కలిసొచ్చిందే!" అని అమ్మ మురిసిపోయింది.

మూడోది: బుర్ర పెట్టి చూడండి, బొమ్మ దానంతటదే వస్తుంది. అంతే, నాన్న బుర్ర గంగాళంలో పెట్టాడు.

"చూస్తున్నావా నాన్నా?" అంది చెల్లి తులసి.

"కళ్ళలోకి నీళ్ళు పోయాయే!"

నానిన అట్ట కదా, తల ఎత్తేసరికి నక్క మొహం నుదుటికీ, కుందేలు చెవులు చెంపలకీ అతుక్కున్నాయి. "వచ్చింది, బొమ్మ వచ్చింది!" అని గంతులేశాం.

అత్తయ్య వచ్చి, తమ్ముడి మొహం చూసి నవ్వీ నవ్వీ కూలబడింది. "పుస్తకం ఇవ్వవా అక్కా?" అని నాన్న నీళ్ళోడుతూ అడిగేసరికి ఆవిడకి జాలేసింది. "అమ్మ ఉంటే నీకే ఇచ్చేదిరా, తీసుకో. ఇకనైనా అందరూ కూర్చుని నాలుగు ముక్కలు చదువుకోండి."

మేం నలుగురం, నాలుగు ముక్కలు! లెక్క ఎంత చక్కగా సరిపోయిందో. అత్తయ్య వీధి మలుపు తిరగకముందే నాన్న పుస్తకాన్ని సమానంగా చింపి పంచాడు. నాకు నక్క పెళ్ళిచూపుల వరకే వచ్చింది. పెళ్ళికొడుకెవరో తులసి ముక్కలో ఉంది, అది చూపించదు. ముగింపేమో అమ్మ వాటాలో పడింది. నాన్న తన ముక్క అటూ ఇటూ తిప్పి చూసుకుని, పాపం, ఏడుపు మొహం పెట్టాడు.

"దీనికింత బెంగెందుకండీ? కలిపేద్దాం" అని అమ్మ గరిటె తెచ్చింది.