హిమజ గేమ్ బొమ్మేనా?

అనగనగా అనకాపల్లిలో, ఒక మేడ మీద వాటాలో హిమజ అనే పిల్ల ఉండేది. అబ్బా, అలా కదలకు, దుప్పటి జారిపోతోంది! ఆ పిల్లకి కౌశిక్ అని ఒక తమ్ముడు. సైకిల్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని, సిమెంటు కట్టుతో మంచం మీదే ఉన్నాడు పాపం.

వాళ్ళమ్మ సుభాషిణిది ఒకటే మాట. బొమ్మ ఎవరిదైనా సరే, ఇద్దరూ ఆడుకోవాలి.

అప్పుడు హిమజ పుట్టినరోజుకి మేనమామ వీడియో గేమ్ కొనిచ్చాడు.

"అక్కా, ఒక్క ఆట" అన్నాడు కౌశిక్.

"ఇది బొమ్మ కాదు, మిషను. పంచుకోనక్కర్లేదు" అంది హిమజ. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సుభాషిణి విననే వింది. "బొమ్మ కాదా? అయితే పిల్లల చేతిలో మిషనెందుకు? బీరువాలో పెట్టేస్తాను."

"అమ్మా, బొమ్మే, బొమ్మే!"

"మరి తమ్ముడికివ్వు."

"అలాంటి బొమ్మ కాదమ్మా!"

సుభాషిణికి ఒళ్ళు మండిపోయింది. "పొద్దున్నుంచి నా ప్రాణం తోడేస్తున్నావు. బొమ్మైతే ఇద్దరిదీ. కాకపోతే బీరువాది. ఏదో ఒకటి తేల్చు!"

మొండిపిల్ల ఏం చేసిందో తెలుసా? మూతి ముడుచుకుని, తనే వెళ్ళి బీరువాలో పెట్టేసింది. అమ్మ తాళం వేసేసింది. తను ఆడుకోకపోయినా ఫర్వాలేదు, తమ్ముడికి మాత్రం ఇవ్వకూడదట! ఏమనాలి అలాంటివాళ్ళని? నువ్వు నవ్వకు.

ఆ తర్వాత కౌశిక్ అమ్మ కుట్టుపెట్టెలోని బొత్తాలు తెప్పించుకున్నాడు. దుప్పటి మడతలు కొండలు, కాలి కట్టు వంతెన. బొత్తాలకి బొత్తాలకి ఒకటే యుద్ధం. హిమజ గుమ్మంలోంచి చూసింది. మెల్లగా మంచం దగ్గరికొచ్చింది. ఎర్ర బొత్తాం మీద చెయ్యేసింది.

"ఇవి బొమ్మలు కావక్కా, బొత్తాలు. పంచుకోనక్కర్లేదు" అన్నాడు కౌశిక్.

హిమజ చెయ్యి వెనక్కి తీసుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గిరుక్కున తిరిగి వంటింట్లోకి వెళ్ళింది.

"అమ్మా, బీరువా తాళం ఇవ్వు. అది బొమ్మే."

తెచ్చి, ముందు తమ్ముడి చేతికే ఇచ్చింది. వాడికేమో ఆట రాదాయె. తెరమీద వాడి మనిషి గోతిలో పడుతూనే ఉన్నాడు.

"దూకరా! అయ్యో రాత, దూకమంటే వెనక్కెళ్తావేంట్రా!" అని హిమజ జుట్టు పీక్కుంది. కౌశిక్ పడీపడీ నవ్వాడు. కాలు విరిగాక వాడు అలా నవ్వడం అదే మొదలు.

"ఇందాకే నయం, ఇల్లు కాస్త సద్దుమణిగి ఉండేది" అని సుభాషిణి వంటింట్లో తల పట్టుకుంది. తలుపు మాత్రం వెయ్యలేదు.

కథ కంచికి పోయింది,
కునుకు కంటికి వచ్చింది.